షాకులు మార్చే ముందు గోళాలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

మాది కావలి. మా మామయ్య 1994లో లండన్ నుంచి వచ్చేస్తూ తెచ్చుకున్న బెంజ్ 250 టీడీ ఎస్టేట్ కారు ఇప్పుడు నా దగ్గరుంది. డిక్కీలో బరువెక్కించినా, ఇంజిన్ నడుస్తుంటే వెనక భాగం తనంతట తానే లేచి సమానంగా నిలబడటం ఈ కారు గొప్పతనం. ఏడాది కిందట అదే నా ప్రాణం తీసింది. ఉలవపాడు నుంచి మామిడికాయల బాక్సులు వేసుకుని వస్తుంటే చిన్న గుంటకి కూడా నడుము విరిగినంత కుదుపు, వెనక సీట్లో మా అమ్మ అయితే దిగి నడిచొస్తానంది.

పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే చేయి పెట్టి చూడకుండానే రెండు షాకులూ పోయాయన్నారు, చెప్పిన ధర విని నోట మాట రాలేదు. ఇంకో షెడ్డులో ఈ సిస్టమంతా పీకేసి వేరే బండి స్ప్రింగులు, మామూలు షాకులు వేసేస్తామన్నారు, పైగా ఆయిల్ తగ్గిందని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయబోతే పరుగున వెళ్లి ఆపాను. ఇందులో పోయాల్సింది జెడ్‌హెచ్‌ఎం అనే మినరల్ హైడ్రాలిక్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ పడితే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి.

చివరికి నెల్లూరు ఆటోనగర్‌లో, చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చిన ఒక పెద్ద మెకానిక్ దొరికాడు. ఇంజిన్ ఆన్‌లో ఉంచమని, రెండు అరచేతులూ డిక్కీ అంచున ఆనించి బలమంతా పెట్టి నొక్కాడు. ఇంటి ముందు అరుగుని నొక్కినట్టే ఉంది, కారు కదల్లేదు. "షాకులు కావు సార్, గ్యాస్ పోయింది" అన్నాడు.

విషయం ఏంటంటే, ఈ కార్లో వెనక చక్రాల దగ్గర ఇనప గోళాలు రెండుంటాయి. లోపల రబ్బరు పొర, దానికి ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క ఆయిల్. కుదుపుని మింగేది ఆ గ్యాసే. ఏళ్ల తరబడి వాడాక పొర చిరిగో, గ్యాస్ కారిపోయో గోళమంతా ఆయిల్‌తో నిండిపోతుంది, ఆయిల్ నలగదు కాబట్టి ప్రతి గుంటా నేరుగా బాడీకి కొడుతుంది. విప్పిన గోళం నా చేతిలో పెట్టాడు, నిండు చెంబులా బరువుగా ఉంది, కొత్తది దాని ముందు తేలిగ్గా ఉంది.

ఆయన చెప్పిన మాట పాత ఎస్టేట్ కార్లున్న వాళ్లందరికీ తెలియాలి: కుదుపు వేరు, ఎత్తు వేరు. బండి రాయిలా గట్టిపడితే ముందు గోళాలు చూడాలి. కుదుపు లేకుండా, బరువేస్తే మాత్రం లేవకుండా కూర్చుండిపోతే ట్యాంకులో ఆయిల్ మట్టం, తర్వాత లెవలింగ్ వాల్వుని (వెనక ఎత్తు సరిచేసే వాల్వు) యాంటీరోల్ బార్‌కి (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డ రాడ్డు) కలిపే చిన్న కడ్డీ, ఆ తర్వాతే వాల్వు, పంపు చూడాలి. ఆ కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుపోయినా, ఊడిపోయినా, ఎంత బరువెక్కిందో వాల్వుకి తెలియదు. షాకుల మీది రబ్బరు బూటు ఆయిల్‌తో తడిస్తేనే షాకుల మాట ఎత్తాలి. ఇంకొకటి, వాల్వు దగ్గరి స్క్రూ వదులు చేసి ప్రెషర్ దించకుండా పైపు విప్పితే ఆయిల్ ముఖాన కొడుతుంది, ఇందులో ఆదమరుపు పనికిరాదు.

గోళాలు మార్చాక అదే మామిడి బాక్సులు ఎక్కించి ఇంజిన్ స్టార్ట్ చేశాను. కొద్దిసేపటికి వెనక భాగం మెల్లగా పైకి లేస్తుంటే కళ్లు చెమర్చాయి.

తెలియని మెకానిక్కుల్ని తిట్టడానికి రాయలేదు, వాళ్లకి ఎవరు నేర్పారు కనుక? మీ వాహనాల పేజీలో దీని గురించి ఒక్కసారి వివరంగా రాయించండి. పాత గోళాలు రెండూ పారేయలేదు, మా చుట్టుపక్కల ఏ ఐటీఐ వాళ్లు పిల్లలకి చూపిస్తామన్నా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా