ర్యాంకుల ప్రకటనల్లో కనిపించని లెక్క

సంపాదకులు గారికి,

జేఈఈ, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు మీ మొదటి పేజీలో వార్తలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తోంది. పేజీ నిండా టై కట్టుకున్న పిల్లల ఫొటోలు, కింద లావు అంకెల్లో ర్యాంకులు, పైన కాలేజీ పేరు. అక్కడ చేర్పిస్తే మనవాడికీ ర్యాంకు ఖాయమని తల్లిదండ్రులు అప్పు చేసి మరీ ఫీజు కడుతున్నారు. ఫొటోల్లోని పిల్లలు ఆ కాలేజీలో చదివిన మాట నిజమే. కాలేజీ వల్లే ర్యాంకు వచ్చిందనడానికి మాత్రం ఆ ఫొటోలు రుజువు కావు.

పదో తరగతి ఫలితాలు రాగానే కాలేజీల పీఆర్వోలు ఎవరి గుమ్మం తొక్కుతారో చూడండి. 590 దాటితే ఫీజు మాఫీ అంటారు. 480 వచ్చినవాడి దగ్గర పైసా తగ్గించరు. (ఒకరకంగా మొదటివాడి ఫీజు కూడా రెండోవాడి తండ్రే కడుతున్నాడు.) చేరాక మళ్లీ వడపోసి మెరికల్ని స్టార్ బ్యాచ్‌లో వేస్తారు. అదే కాలేజీలో మిగతా సెక్షన్లలో చదివినవాళ్లు ఏమయ్యారో ప్రకటనలో ఉండదు.

బోస్టన్, న్యూయార్క్‌లలో ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లపై 2014లో ఒక అధ్యయనం వచ్చింది. చేసినవారిలో ఒకరు జాషువా ఆంగ్రిస్ట్. 2021లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు. కటాఫ్ కొద్దిలో దాటి సీటు దక్కినవాళ్లనీ, కొద్దిలో తప్పిపోయినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. చదువులో దాదాపు సమానులు, చేరిన స్కూలే వేరు. తర్వాతి పరీక్షల్లో వాళ్ల మార్కుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన దగ్గరా అంతేనని నేననను. రోజూ పెట్టే టెస్టుల వల్ల లాభం ఉండొచ్చు. అది తేలాలంటే పదిలో అవే మార్కులు తెచ్చుకుని ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనో, ఊళ్లోని చిన్న కాలేజీలోనో చేరినవాళ్లతో పోల్చాలి కదా.

కోచింగ్ ప్రకటనల్లో ర్యాంకరు ఏ కోర్సు చేశాడో, దానికి డబ్బు కట్టాడో లేదో ఫొటో పక్కనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు ఇంకో అడుగు వేయండి. మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో, ర్యాంకర్లకు పదిలో ఎన్ని మార్కులో చెప్పని ప్రకటన వేయబోమనండి. ఆదాయం పోతుందనుకుంటే, కనీసం ఒక విలేకరిని పంపి ఆ లెక్కేదో రాయించి లోపలి పేజీలోనైనా వేయండి.

— ఇంటర్ విద్యార్థి తండ్రి, గుంటూరు