మన సంఘం వార్షిక నివేదిక: "ఎనిమిది పెట్టమ్మా"

సభ్యులందరికీ నమస్కారం. పోయినేడు నివేదిక మరీ గవర్నమెంటు కాగితంలా రాశావని మూడో అంతస్తు బాబాయ్ గారు మెట్ల మీదే చివాట్లు పెట్టారు, అందుకని ఈసారి నోటికొచ్చినట్టే రాస్తున్నా, తప్పులుంటే మీటింగులో చెప్పండి, గ్రూపులో కాదు.

మామూలు విషయాలు ముందు గబగబా చెప్పేస్తా. లిఫ్ట్ రెండుసార్లు మొరాయించింది, ఇప్పుడు బానే ఉంది. వాటర్ ట్యాంకులు కడిగించాం. వినాయక చవితి బాగా జరిగింది, లడ్డూ వేలం డబ్బులు ఎప్పట్లాగే జనరేటర్ మింగేసింది. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాయట్లేదు, ఎవరో వాళ్ళకే తెలుసు. లెక్కల కాగితం కోశాధికారి గారు నోటీసు బోర్డు మీద అంటించారు, చూసుకోండి.

ఇక ఈ ఏడాది కమిటీ టైమంతా తినేసింది కింద హాల్లో పెద్దవాళ్ళ టీవీ. పాత కేబుల్ ఆపరేటర్ పేరు ఎందుకులెండి, నాలుగు చినుకులు పడితే బొమ్మ పోయేది, ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, చివరికి కనెక్షన్ మార్చాం. కొత్త బాక్సులో బొమ్మ అద్దంలా ఉంది, అంతా హ్యాపీ అనుకున్నాం, కానీ ఛానల్ నంబర్లన్నీ మారిపోయాయి, గొడవ అక్కడ మొదలైంది. అంతకుముందు పెద్దవాళ్ళకి పేర్లతో పని లేదు, వేళ్ళకే నంబర్లు అలవాటు. ఇప్పుడు ఎవరికి ఏది కావాలన్నా నోరు తెరిచి అడగాల్సి వచ్చింది, అడిగితే తెలిసింది ఒక్క ఛానల్‌కి మన బిల్డింగులోనే ఐదారు పేర్లున్నాయని.

మొదటి రోజే ఫస్ట్ ఫ్లోర్ మామ్మగారు "ఎనిమిది పెట్టమ్మా" అన్నారు. రిమోట్ పట్టుకున్న పిల్ల ఎనిమిది నొక్కింది, ఏదో వచ్చింది, మామ్మగారు అడిగింది అది కాదు. పిల్ల మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే. ఆవిడ "నీకు ఎనిమిది అంకె రాదా" అని కోప్పడ్డారు, పిల్ల ఏడుపు మొహం పెట్టింది. మామ్మగారి తప్పేం లేదు. 1993లో దూరదర్శన్ భాషకో శాటిలైట్ ఛానల్ పెట్టినప్పుడు వాటిని నంబర్లతోనే పిలిచేవాళ్ళు, తమిళానికి ఐదు, మనకి ఎనిమిది, కన్నడానికి తొమ్మిది, మరాఠీకి పది. అలా మనది డీడీ ఎయిట్. ఆ తర్వాత దానికి సప్తగిరి అని పేరొచ్చింది, మామ్మగారికి మాత్రం ఎనిమిది ఎనిమిదే. ముప్ఫై ఏళ్ళు దాటింది, అయినా నాలుక మీద నుంచి పోలేదు.

ఆవిడ పక్కన కూర్చునే పెద్దాయన అదే ఛానల్‌ని "హైదరాబాద్" అంటారు. ఆయన చెప్పేదాని ప్రకారం టీవీలో ఉన్నవే రెండు, ఒకటి హైదరాబాద్, రెండోది ఢిల్లీ. 1982లో జాతీయ కార్యక్రమాలు మొదలయ్యాక సాయంత్రం తెలుగు కాసేపు వచ్చి, అది అయిపోగానే హిందీకి కలిపేసేవాళ్ళు కదా, ఇంట్లో వాళ్ళంతా "ఢిల్లీ వచ్చేసింది, ఇక అన్నాలు తినండి" అని లేచేవాళ్ళట. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా" అని అరవడం, కిందనుంచి "వచ్చింది, ఆపు ఆపు, మళ్ళీ పోయింది" అని ఇంకొకడు అరవడం, ఇదంతా హాల్లో యాక్షన్‌తో సహా చేసి చూపించారు. మంచి బొమ్మ వచ్చేసరికి "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే బోర్డు వచ్చేదట, ఆ బోర్డు నాకూ గుర్తుంది.

మొన్నీమధ్య మన బిల్డింగుకి వచ్చిన ఖమ్మం ఆంటీ వాళ్ళు "యాదగిరి" అడుగుతారు. అడగరా మరి, రాష్ట్రం విడిపోయాక 2014లో హైదరాబాద్ కేంద్రం ఛానల్ యాదగిరి అయింది, సప్తగిరి అనే పేరు మన బెజవాడ కేంద్రానికి వచ్చింది. పాత హైదరాబాద్ ప్రోగ్రాములు గుర్తున్నవాళ్ళకి సప్తగిరి అంటే హైదరాబాదే, ఇప్పటి పిల్లలకి అది విజయవాడ. అన్నట్టు దూరదర్శన్ వాళ్ళకి కొండలంటే ఎంత ఇష్టమో ఈ గొడవలోనే గమనించా, మరాఠీకి సహ్యాద్రి, గుజరాతీకి గిర్నార్, తమిళానికి మొన్నటిదాకా పొదిగై, మన రెండు రాష్ట్రాలకి చెరో గిరి.

ఈ కొండల వల్లే అసలు పంచాయితీ వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగో అంతస్తు అత్తయ్యగారు "ఏడుకొండల ఛానల్ పెట్టండి, కల్యాణం టైమైంది" అన్నారు. రిమోట్ ఇంటర్ కుర్రాడి చేతిలో ఉంది, వాడికి ఈమధ్యే సప్తగిరి అంటే అర్థం చెప్పాం, సప్త అంటే ఏడు గిరి అంటే కొండ అని, వాడు ఎంతో తెలివిగా సప్తగిరి పెట్టాడు. అక్కడ వ్యవసాయం ప్రోగ్రాం వస్తోంది. ఎరువులు చల్లడం గురించి రెండు నిమిషాలు విన్నాక అత్తయ్యగారు లేచి వెళ్ళిపోయారు, సాయంత్రం కమిటీకి కంప్లైంట్ వచ్చింది. ఆవిడ అడిగింది టీటీడీ వాళ్ళ ఎస్వీబీసీ, 2008లో మొదలైంది, దాన్ని ఎస్వీబీసీ అని పలికేది మా బిల్డింగులో ఒక్క బ్యాంకు రిటైర్డ్ అంకుల్ మాత్రమే, మిగతావాళ్ళందరికీ అది తిరుపతి, శ్రీవారి ఛానల్, లేదంటే "సుప్రభాతం వచ్చేది". కుర్రాడు ఇప్పటికీ "నేను కరెక్టే కదా అంకుల్" అంటాడు, కరెక్టే రా నాయనా, ఏం చేస్తాం.

ఆ కంప్లైంట్ మీద నేను బుద్ధిగా కంప్యూటర్‌లో ఛానళ్ళ లిస్టు టైపు చేసి, అసలు పేరు, పక్కన నంబరు, ప్రింట్ తీసి టీవీ పక్కన అంటించా. ఒక్కరూ చూడలేదు. స్టార్ మా అని రాస్తే ఎవరికి తెలుస్తుంది, మాటీవీ అనాలి. 2002లో మొదలైనప్పుడు అది మాటీవీయే, స్టార్ వాళ్ళు కొన్నాక ముందు స్టార్ తగిలించారు, జనం ఆ స్టార్‌ని పట్టించుకోలేదు. జెమిని మూవీస్ అని రాశా, సెకండ్ ఫ్లోర్ వదిన గారు లిస్టంతా పైనుంచి కిందదాకా చదివి "తేజ లేదేంటి" అన్నారు. ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అని రాశా, "ఈటీవీ టూ ఎక్కడ బాబూ" అన్నారు. 1995లో ఈటీవీ వచ్చినప్పుడు పుట్టనివాళ్ళు కూడా ఈటీవీ టూ అంటున్నారంటే ఇంట్లో వినే కదా నేర్చుకున్నది.

మాటీవీ, ఈటీవీ ఈ రెండింటితో ఇంకో తలనొప్పి కూడా ఉంది, తెలుగులో తప్ప ఎక్కడా రాదేమో ఇది. "మా టీవీలో మాటీవీ రావట్లేదు, ఈ టీవీలో ఈటీవీ వస్తోంది, మీ టీవీలో మాటీవీ వస్తోందా" అని ఒకావిడ గ్రూపులో మెసేజ్ పెడితే, ఎలక్ట్రీషియన్‌ని పంపాలా కేబుల్ అబ్బాయిని పంపాలా అర్థం కాక నేను మూడుసార్లు చదివా.

న్యూస్ సంగతి సరేసరి. కొందరికి ఏ న్యూస్ ఛానల్ అయినా టీవీ నైనే, "టీవీ నైన్ పెట్టు" అంటారు, వేరే న్యూస్ పెట్టినా ఏమీ అనరు. 2004లో వచ్చిన ఛానల్ పేరు మొత్తం న్యూస్‌కే పేరైపోయింది. ఒక తాతగారు మాత్రం వీటన్నిటికీ దూరం, ఆయనకి "శాంతిస్వరూప్ వార్తలు" కావాలి. 1983 నవంబరు 14న తెలుగులో మొదటి టీవీ వార్తలు చదివింది శాంతిస్వరూప్ గారే, 2024 ఏప్రిల్‌లో పోయారు, ఆ విషయం తాతగారికి తెలుసు, తెలిసే అలా అడుగుతారు, మనం సప్తగిరి వార్తలు పెడతాం, ఆయన చూస్తారు. అంతే.

అందరికన్నా పాత పేరు మాత్రం వాచ్‌మన్ వాళ్ళ నాన్నది. ఆయన దూరదర్శన్‌ని "పంచాయతీ టీవీ" అంటాడు. 1975, 76లో అమెరికా వాళ్ళ ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో ఏడాదిపాటు టీవీలు పెట్టి పాఠాలు, వ్యవసాయం చూపించారు, మన రాష్ట్రం కూడా ఉంది అందులో. వాళ్ళ ఊళ్ళో జనమంతా పంచాయతీ ముందు నేల మీద కూర్చుని చూసేవాళ్ళమని చెప్పాడు, ఏడాది అయ్యాక అది ఆగిపోతే పిల్లలు కొన్నాళ్ళు ఊరికే వెళ్ళి కూర్చునేవాళ్ళట.

ఇవన్నీ విన్నాక నా ప్రింటు నేనే చింపేశా. నాలుగు సాయంత్రాలు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి ఎవరు ఏ ఛానల్‌ని ఏమంటారో రాయించాం, పెద్ద డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు, ఖర్చు లెక్కల్లో ఉంది. ఒక్కో ఛానల్‌కి ఒక్కో గడి, గడిలో ఎన్ని పేర్లుంటే అన్నీ. సప్తగిరి గడి అన్నిటికన్నా పెద్దది: ఎనిమిది, హైదరాబాద్, దూరదర్శన్, డీడీ, బెజవాడ దూరదర్శన్, పంచాయతీ టీవీ, గవర్నమెంటు ఛానల్. పక్కనే యాదగిరికి వేరే గడి ఇవ్వాలని ఖమ్మం ఆంటీ పట్టుబట్టారు, ఇచ్చాం. నంబర్లు మాత్రం పెన్సిల్‌తో రాయించా, ఎందుకో ఆ కొత్త కేబుల్ అబ్బాయి మాట మీద నాకు నమ్మకం లేదు.

లోకల్ ఛానల్ గడి దగ్గర కాస్త వాదన జరిగింది. మన టౌన్ చీరల షాపు యాడ్లు, పదో తరగతి ర్యాంకులు, శ్రద్ధాంజలి స్క్రోలింగులు వేసే ఛానల్ ఉంది కదా, దాన్ని ఎవరు నడిపినా మనవాళ్ళు సిటీకేబుల్ అనే అంటారు. బ్యాంకు అంకుల్ ఒప్పుకోలేదు, సిటీ కేబుల్ అంటే నగరం కాదు, 1994లో జీ గ్రూపు వాళ్ళు పెట్టిన కంపెనీ, స్పెల్లింగు కూడా ఎస్, ఐ, టి, ఐ, ఈ ఛానల్‌కి దానికి సంబంధం లేదు, తప్పు రాయకూడదు అన్నారు. మిగతా అందరూ సిటీకేబులే రాయమన్నారు. రాశాం, కింద చిన్నక్షరాల్లో "అంకుల్ ఒప్పుకోలేదు" అని కూడా ఎవరో పిల్ల రాసింది, అంకుల్ చూసి నవ్వారు, అలాగే ఉంచమన్నారు.

షీటు పెట్టాక కంప్లైంట్లు తగ్గాయి. కొత్తగా వచ్చింది ఒకటే, ఖమ్మం ఆంటీ టీవీ "బంద్ చెయ్" అంటే మనవాళ్ళు "కట్టెయ్" అంటారు, అది కూడా రాయాలని పిల్లలు అడుగుతున్నారు, షీటులో చోటు లేదు. ఇంకో షీటు కొనాలంటే కమిటీ ఆమోదం కావాలి. అదీ, వచ్చే చవితికి సిటీకేబుల్లో స్క్రోలింగు వేయించాలా వద్దా అన్నదీ ఆదివారం మీటింగులో తేలుద్దాం. పన్నెండు లోపు ముగించాలి, అత్తయ్యగారికి కల్యాణం ఉంది.