పండును నిలబెట్టిన పాలమూరు వాళ్ళకు

మా కుక్క పండు జబ్బులో అండగా నిలబడ్డవాళ్ళకు దండం పెట్టుకోవడానికి ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరు ముందే మాట తీసుకున్నారు. ఇంకొందరిని అడిగితే "గీ మాత్రం దానికి గూడ పోస్టు పెడ్తవా టీచరమ్మా" అని నవ్వారు. అందుకే పేర్లు లేకుండానే రాస్తున్నాను. చదివితే ఎవరికి వాళ్ళకు తెలిసిపోతుంది.

మా పండు మీలో చాలామందికి తెలుసు. మెట్టుగడ్డ వైపు మా గేటు కింద నుంచి మూతి బయటపెట్టి, పాలబ్బాయి దగ్గర్నుంచి పోస్ట్‌మ్యాన్ దాకా అందరి మీదా అరిచే తెల్ల కుక్క. అందరూ పామేరియన్ అంటారు గానీ వాడు ఇండియన్ స్పిట్జ్. 11 ఏళ్ళు. వాడికి కుషింగ్స్ జబ్బు వచ్చింది, అంటే ఒంట్లోనే తయారయ్యే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ మితిమీరిపోయే జబ్బు. ఇప్పుడు మందుల మీద మంచిగా ఉన్నాడు. తగ్గిపోయింది అనను, ఇది తగ్గిపోయే జబ్బు కాదు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళలాగే రోజూ మందు వేసుకుంటూ, రక్తపరీక్షలు చేయించుకుంటూ బతికినన్నాళ్ళూ అదుపులో పెట్టుకోవాల్సిందే. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్ళో, ఇద్దరమూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో, ఈ పని మా ఒక్కరి వల్ల అయ్యేది కానే కాదు.

మొదటి దండం మా ఇంటి ఓనర్ పెద్దమ్మకు. జబ్బు బయటపడక ముందు నుంచీ భరించింది ఆమే. పండు కడవలు కడవలు నీళ్ళు తాగేవాడు, అంతకంతా పోసేవాడు. రాత్రిళ్ళు తలుపు తీసేలోపే మెట్ల మీద అయిపోయేది. "ఎండలకు తాగుతున్నడు లే" అన్నారు కొందరు. ఫ్లోరైడ్ అన్నారు ఇంకొందరు. మా పక్కింటి అన్నయితే "మిషన్ భగీరథ నీళ్ళు తియ్యగ తగులుతున్నయేమో" అని జోకులేశాడు. చలికాలం వచ్చినా తగ్గలేదు. రాత్రి నీళ్ళ గిన్నె తీసేయమని సలహాలు కూడా వచ్చాయి. పెద్దమ్మ మాత్రం "దానికి దూపైతున్నది, తాగనియ్యి బిడ్డా. మెట్లు కడుక్కుంటే పోతయ్" అని, పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు తెచ్చి ఇచ్చింది. ఆమె అన్నదే నిజమని తర్వాత డాక్టర్ సార్ కూడా చెప్పారు. ఈ జబ్బులో మూత్రం ఆగకుండా పోతుంది కాబట్టి దాహం వేస్తుంది. నీళ్ళు ఆపితే ఒంట్లో నీరు అయిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆకలి సంగతి సంక్రాంతికి తెలిసింది. ముందు గదిలో బట్ట పరిచి సకినాలు పోసి, ఆరడానికి వదిలి వంటింట్లోకి పోయాం. వచ్చేసరికి బట్ట మీద ఒక మూల మొత్తం ఖాళీ. పచ్చి పిండి సకినాలు, నువ్వులతో సహా. ఇదివరకు రొట్టె ముక్క పెట్టినా వాసన చూసి పక్కకు పోయే కుక్క ఇది! ఇంత తింటున్నా వీపు మీద ఎముకలు తేలుతున్నాయి, కాళ్ళు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం కిందికి జారి కుండలా ఉంది. రెండు పక్కలా ఒకే తీరుగా వెంట్రుకలు ఊడిపోయాయి, తలా కాళ్ళూ మాత్రం బాగానే ఉన్నాయి. పొట్ట మీద చర్మం ఎంత పలచబడిందంటే లోపలి రక్తనాళాలు కంటికి కనిపించేవి. ఫ్యాన్ కింద పడుకుని కూడా నాలుక బయటపెట్టి రొప్పుతుండేవాడు.

ఒక చోట చూపిస్తే "వయసైపోయిందమ్మా, ఇంకో పిల్లను తెచ్చుకోండి" అన్నారు. దురదకని ఒక సూది వేసి పంపారు. అక్కడితో ఆ మాట వదిలేస్తాను.

జిల్లా పశువైద్యశాలలో చూసిన డాక్టర్ సార్‌కు ఎన్ని చెప్పినా తక్కువే. బయట బర్రెలు, మేకలు వరసలో ఉన్నాయి, అయినా మమ్మల్ని తొందరపెట్టలేదు. ఆయన మొదట చేసిన పని మందు రాయడం కాదు, పాత చీటీలన్నీ తెమ్మన్నారు. దురదకని ఇదివరకు ఏ సూదులు వేశారు, ఎన్నిసార్లు వేశారు అని ఒక్కొక్కటీ చూశారు. ఎందుకంటే ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే ఇవే లక్షణాలు వస్తాయట. అప్పుడు దారి వేరు, ఆ స్టెరాయిడ్‌ను డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. పండుకు వేసినవి ఒకటీ అరా, కాబట్టి అది కాదని తేల్చారు. ఆ తర్వాత ఒక లీటర్ సీసా నింపి, అందులోంచే గిన్నెలో పోస్తూ రోజుకు ఎన్ని సీసాలు అవుతున్నాయో రాయమన్నారు. కుక్క కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే అనుమానించాలట. మావాడు 9 కిలోలు. అంటే లీటర్ లోపే ఆగాలి. మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయ్యేది.

జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి సార్ ఓపీ చీటీ వెనక గీసిన బొమ్మ నాకు వెంటనే ఎక్కింది. పదో తరగతి పిల్లలకు నేను గీయించే పీయూష గ్రంథే. మెదడు కింద ఉండే ఆ చిన్న గ్రంథిలో కణితి పుడితే అది ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అతిగా వదులుతుంది. దాంతో కిడ్నీల పక్కనుండే అధివృక్క గ్రంథులు అదుపు తప్పి కార్టిసాల్ తయారు చేస్తాయి. కుక్కల్లో వందకు 80 నుంచి 85 కేసులు ఇలాంటివే. మిగతావాటిలో కణితి అధివృక్క గ్రంథిలోనే ఉంటుంది. మనుషుల్లో ఈ జబ్బును 1932లో వివరించిన అమెరికా న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ పేరే దీనికి పెట్టారు. మనుషుల్లో అరుదు, వయసు మళ్ళిన కుక్కల్లో అంత అరుదేమీ కాదు.

తేల్చే పరీక్ష మాత్రం ఊళ్ళో కాలేదు. మమ్మల్ని తన కారులో తీసుకుపోయిన కారు అన్న గురించి ఇక్కడే చెప్పాలి. ఆ పరీక్షలో పొద్దున రక్తం తీసి, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ చాలా తక్కువ మోతాదులో ఎక్కిస్తారు. మళ్ళీ 4 గంటల తర్వాత, 8 గంటల తర్వాత రక్తం తీస్తారు. మంచిగా ఉన్న కుక్కకైతే కార్టిసాల్ పడిపోవాలి. పండుకు సాయంత్రానికి కూడా దిగలేదు. మధ్యలో కుక్క బెదరకూడదు, బెదిరితే కార్టిసాల్ దానంతటదే పెరిగి లెక్క తప్పుతుంది. బయట వరండాలో పది కుక్కలు అరుస్తున్నాయి. కారు అన్న ఏసీ వేసి వెనక సీటు మొత్తం పండుకు వదిలేసి, తను చెట్టు కింద కూర్చున్నాడు. డీజిల్ డబ్బులు లెక్క కట్టబోతే "అక్కా, పానం ముఖ్యమా పైసలు ముఖ్యమా" అని కసిరాడు. స్కానింగ్‌కని ఆరాంఘర్ దగ్గర మలుపు తిరిగి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి పోయినప్పుడూ అతనే. అక్కడ రెండు అధివృక్క గ్రంథులూ పెద్దవైనట్టు కనిపించింది. ఒకటే పెద్దదై రెండోది చిన్నబోతే ఆ గ్రంథిలోనే కణితి ఉందేమోనని చూస్తారు. రెండూ పెరిగితే తప్పు పీయూష గ్రంథి దగ్గరున్నట్టు.

మందు పేరు ట్రైలోస్టేన్. క్లాక్ టవర్ దగ్గర మెడికల్ షాపులన్నీ తిరిగినా పేరు విన్నవాళ్ళే లేరు. నా దగ్గర చదువుకున్న పిల్లాడొకడు హైదరాబాద్‌లో మందుల హోల్‌సేల్‌లో పనిచేస్తాడు. తెప్పించి, బిల్లుతో సహా ఆర్టీసీ కార్గోలో వేసి, "టీచర్, బస్టాండ్‌లో తీసుకోండి" అని ఫోన్ చేస్తాడు. స్కూల్లో వీడిని బెంచీ ఎక్కించేదాన్ని. నెల నెలా ఆ పార్శిల్ అందుకుంటున్నప్పుడు అదే గుర్తొస్తుంది.

క్యాప్సూల్ రాస్తూ డాక్టర్ సార్ అడిగిన ప్రశ్న ఇంకోటి ఉంది. "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా మేడం?" మా బిడ్డ పురిటికి వచ్చి ఉంది అప్పుడు. ట్రైలోస్టేన్ హార్మోన్ల తయారీని ఆపే మందు, గర్భిణులు ముట్టుకోకూడదట. మిగతావాళ్ళు కూడా వేశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, క్యాప్సూల్ విప్పకూడదు, పగలగొట్టకూడదు. సార్ అప్పుడే ఒక గ్లౌజుల డబ్బా చేతిలో పెట్టారు. ఈ ఒక్క మాటకే ఆయనకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

మందు ఎప్పుడూ తిండితోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే సరిగా ఒంటబట్టదు. నేను ఏడున్నరకే బస్సెక్కాలి. పొద్దున పూట పండుకు తిండి పెట్టి, జొన్నరొట్టె ముక్కలో క్యాప్సూల్ చుట్టి, మింగాడో లేదో చూసి, క్యాలెండర్ మీద టిక్కు కొట్టే పని ఎదురింటి చెల్లెలు తీసుకుంది. రొట్టె తిని క్యాప్సూల్‌ను చెంపలో దాచుకుని, తర్వాత సోఫా వెనక ఉమ్మేసే తెలివి మావాడిది. ఆమె మాత్రం మోసపోలేదు. మింగాక నోరు తెరిపించి వేలు తిప్పి చూస్తుంది.

ఇక సద్దుల బతుకమ్మ రాత్రి సంగతి.

ఆ పొద్దున పండు రొట్టె ముట్టలేదు. సకినాల కుక్క, తిండి వద్దన్నాడు! ఎదురింటి చెల్లెలు క్యాప్సూల్ వేయలేదు, నాకు ఫోన్ చేసింది. ఎందుకంటే డాక్టర్ సార్ తన చేత్తో పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది: తినకపోయినా, వాంతులైనా, విరేచనాలైనా, నీరసంగా పడి ఉన్నా మందు ఆపండి, ఫోన్ చేయండి. మందు కాస్త ఎక్కువైతే కార్టిసాల్ మరీ పడిపోయి, జబ్బు తలకిందులవుతుంది. సాయంత్రానికి రెండుసార్లు వాంతి చేసుకుని, లేవలేని స్థితికి వచ్చాడు. వీధంతా పాటలు, పూలు, డీజే. డాక్టర్ సార్ పండగ బట్టల్లోనే వచ్చి ఆసుపత్రి తలుపు తీయించారు. మా వీధి చివర ల్యాబ్ తమ్ముడు, మనుషుల ల్యాబ్ అది, షట్టర్ ఎత్తి మెషీన్ ఆన్ చేశాడు. పొటాషియం పెరిగింది, సోడియం తగ్గింది, మందు ఎక్కువైనప్పుడు కనిపించే గుర్తులే ఇవి. సెలైన్ ఎక్కించారు, స్టెరాయిడ్ సూది వేశారు. కార్టిసాల్ ఎక్కువైందని మందు వేస్తున్న కుక్కకే అదే రకం సూది వేయాల్సి రావడం నాకు వింతగా అనిపించింది. వెటర్నరీ అసిస్టెంట్ అన్న సెలైన్ సీసా పట్టుకుని తెల్లారేదాకా కదల్లేదు. ఆయన ఇంట్లో బతుకమ్మ ఆ రోజు ఆయన లేకుండానే పోయింది. ఆ ఇంటి అక్కకు ఈ పోస్టు ద్వారానే చేతులెత్తి మొక్కుతున్నాను.

కొన్ని రోజులు మందు పూర్తిగా ఆపి, పరీక్షలు చూసుకుని, 30 మిల్లీగ్రాములు పొద్దున ఒక్కసారి బదులు 10 మిల్లీగ్రాములు పూటకొకటిగా మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి కుదిరింది. ఈ మోతాదు పండుది మాత్రమే. మీ కుక్క బరువు, రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

మోతాదు సరిపోతోందా అని చూసే పరీక్ష ఇంకోటి ఉంటుంది. ఆ రోజున క్యాప్సూల్ వేసిన 4 నుంచి 6 గంటల లోపు ఒకసారి రక్తం తీసి, ఏసీటీహెచ్ సూది ఇచ్చి, గంటకు మళ్ళీ తీస్తారు. మొదలుపెట్టిన రెండు వారాల లోపు ఒకసారి, నెల నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక ఒకసారి, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ. మోతాదు మార్చినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ సూది సంపాదించడం ఒక యాతన, అది కూడా హోల్‌సేల్ పిల్లాడి పుణ్యమే. రక్తం నుంచి సీరం వేరు చేసి, ఐసు ప్యాకులు పెట్టిన థర్మాకోల్ డబ్బాలో సర్ది, హైదరాబాద్ ల్యాబ్‌కు పంపడం మా వీధి తమ్ముడి పని. డబ్బా మీద "పండు, 11 సం., కుక్క" అని రాస్తాడు. అవతలి వాళ్ళు ఒకసారి ఫోన్ చేసి పేషెంట్ ఇంటిపేరు అడిగారట.

నా పాత విద్యార్థులు పోగు చేసిన డబ్బు గురించి ఎక్కువ రాయను, వాళ్ళకు నచ్చదు. పరీక్షలకే ఖర్చయింది, లెక్క మీ గ్రూపులో పెట్టాను.

ఇప్పుడు వాడు తాగే నీళ్ళు సీసాలో సగానికి కాస్త అటూ ఇటూ. ముందు దాహం తగ్గింది, తర్వాత రొప్పడం. వెంట్రుకలకు మాత్రం నెలలు పట్టింది. స్కానింగ్‌కని పొట్ట మీద గొరిగిన నలుచదరపు ముక్క ఎంతకూ నిండలేదు. ఈ మధ్యే అక్కడ దూది లాంటి నూగు మొలిచింది. పెద్దమ్మ రోజూ వాడిని వెల్లకిలా పడేసి చూస్తోంది. మెట్లు పొడిగా ఉన్నాయి.

మీ ఇళ్ళలో ఆరేడేళ్ళు దాటిన కుక్క ఉండి, నీళ్ళు ఎక్కువ తాగుతూ పొట్ట జారుతుంటే నీళ్ళు కొలిచి, ఆ లెక్క పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోండి. షుగర్, కిడ్నీ జబ్బుల్లోనూ దాహం ఇలాగే ఉంటుంది కాబట్టి ఏది ఏదో ఆయనే చూస్తారు.

మోతాదు మార్చాక 30 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు సీలు తీయని స్ట్రిప్పులు మిగిలాయి. డాక్టర్ సార్ దగ్గరే పెట్టాను. జడ్చర్ల, నారాయణపేట, వనపర్తి వైపు ఎవరి కుక్కకైనా ఇదే మోతాదు రాసి ఉంటే, చీటీ చూపించి ఆయన దగ్గర ఉచితంగా తీసుకోవచ్చు. ఎక్స్‌పైరీ తేదీ మాత్రం చూసుకోండి.