మంచు కరిగే చోట సముద్రపు అడుగున జరుగుతున్నదీ రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

ధ్రువప్రాంతాల్లో మంచు కరుగుతోందన్న వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికలు సముద్రమట్టం ఎంత పెరుగుతుంది, బాపట్ల, మచిలీపట్నం తీరాలకు ఎంత ముప్పు అన్న లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి. తీరానికి ఇంత దగ్గరలో బతికే మనకు ఆ ఆందోళన సహజమే. అయితే ఆ హిమానీనదాల ముంగిట, సముద్రపు అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే నాచుకూ, దాని చుట్టూ బతికే జంతువులకూ ఇప్పటికే జరుగుతున్న మార్పు గురించి తెలుగులో ఒక పేరా కూడా అరుదుగానే కనిపిస్తోంది. గుంటూరులో చాలాకాలం వృక్షశాస్త్రం బోధించినదానిగా ఈ లోటు నన్ను బాధిస్తోంది.

హిమానీనదం కదిలేటప్పుడు కింది రాతిని అరగదీస్తుంది. మెత్తని ఆ రాతిపొడి కరిగిన నీటితో కలిసి సముద్రంలోకి దిగుతుంది. వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎర్రబారి, నీళ్లలో ముంచిన చెయ్యి కూడా కనపడకుండా పోవడం చూసినవారు ఆ నీటి స్థితిని సులువుగానే ఊహించగలరు. వెలుతురు లోతుకు చేరదు. ధ్రువ సముద్రాల నాచుల్లో చాలావాటికి నెలల తరబడి సాగే చీకటిని నిల్వ ఉంచుకున్న ఆహారంతో నెగ్గుకొచ్చే శక్తి ఉంది. కానీ ఆ నిల్వ కూడబెట్టుకోవలసింది వసంతం, వేసవి నెలల వెలుగులోనే. మంచు ఎక్కువగా కరిగి నీరు మడ్డిబారేదీ వేసవిలోనే.

అంటార్కిటికా ద్వీపకల్పపు ఉత్తరపు కొసకు ఎదురుగా ఉన్న కింగ్ జార్జ్ దీవిలో పోటర్ కోవ్ అనే చిన్న అఖాతం ఉంది. ఫోర్కేడ్ హిమానీనదం వెనక్కు తగ్గినకొద్దీ అక్కడ బయటపడిన రాతినేల మీదికి నాచు వచ్చి చేరింది. మంచు పోయినా పచ్చదనం పెరిగింది కదా అని దీన్ని చూసి ఎవరైనా సంతోషిస్తే అది తొందరపాటే అవుతుంది. ఎందుకంటే అదే అఖాతంలో అడుగునంతా ఆక్రమించి ఉండిన ఆసిడియన్లు, అంటే నీటిని ఒంట్లోకి పీల్చి వడకట్టుకుని తినే మెత్తని జీవులు, 1994-1998 మధ్య బాగా తగ్గిపోయాయనీ, నీటిలో పెరిగిన మట్టే అందుకు ముఖ్య కారణం కావచ్చుననీ 2015లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వడకట్టే అవయవాలు ఒండ్రుతో పూడుకుపోతే తినడం కన్నా వాటిని శుభ్రం చేసుకోవడానికే ఆ జీవి శక్తి ఖర్చవుతుంది. పైగా గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉండే ఆ నీళ్లలో జంతువులు సాధారణంగా చాలా నెమ్మదిగా ఎదుగుతాయి కాబట్టి, ఒకసారి దెబ్బతిన్న సమూహం తిరిగి కోలుకోవడానికి ఎంతో కాలం పడుతుంది.

ఉత్తరాన, ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో మార్పు మరో దారిన వచ్చింది. కోంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో 1980 నుంచి ఒకే చోట ఏటా తీస్తూ వచ్చిన ఫొటోలను పోల్చి చూస్తే, 1995లో నాచు పరుచుకున్న మేర దాదాపు ఐదింతలు పెరిగి, ఆ రాళ్ల మీద అప్పటిదాకా ఉన్న జీవుల పొందికే మారిపోయిందని తేలింది. వేడెక్కుతున్న నీరూ, మంచు తగ్గి పెరిగిన వెలుతురూ అక్కడ నాచుకు కలిసివచ్చాయి.

మన దేశానికి చెందిన హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తున్నది ఆ పాయ ఒడ్డునే. ఆ నీటి ఉష్ణోగ్రతనూ, లవణీయతనూ కొలవడానికి 2014లో మనవాళ్లు అక్కడ ఇండార్క్ అనే పరికర వ్యవస్థను దించారు. ప్రజాధనంతో నడిచే ఈ పని ఫలితాలు బెజవాడ, గుంటూరు కళాశాలల్లో శైవలాల (నాచు జాతుల) పాఠం పరీక్ష కోసం బట్టీపట్టే వేలాది బైపీసీ విద్యార్థుల దాకా రావడం లేదు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం తన వార్షిక నివేదికల సారాంశాన్ని తెలుగులోనూ వెలువరించాలి. మీ పత్రిక కూడా విద్యార్థుల పేజీలో దీనికి క్రమం తప్పకుండా చోటివ్వాలని కోరుతున్నాను.

తూర్పు అంటార్కిటికాలోనూ, వెడెల్ సముద్రంలోనూ రక్షిత ప్రాంతాలు ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదనలకు భారతదేశం 2021లో మద్దతు ప్రకటించింది. అంటార్కిటికా సముద్ర జీవుల పరిరక్షణ కోసం కొన్ని దేశాలు కలిసి నడిపే కమిషన్‌లో, సభ్యదేశాలన్నీ ఒప్పుకుంటే తప్ప నిర్ణయం వెలువడదు కాబట్టి, అవి ఏళ్ల తరబడి ఆగిపోయాయి. వాటి కోసం ఆ తర్వాత మన ప్రభుత్వం ఏ ప్రయత్నం చేసిందో గుంటూరు, విజయవాడ పార్లమెంటు సభ్యులు రానున్న సమావేశాల్లో అడగాలి. వచ్చిన జవాబును మీరు పూర్తిగా ప్రచురించాలి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు