మైయర్‌హాఫ్ వ్యాసం పూర్తయింది, మీ అందరి చలవే

అమెరికన్ మానవశాస్త్రవేత్త బార్బరా మైయర్‌హాఫ్ మీద తెలుగులో రాస్తున్నాను, కాస్త సాయం చేయండి అని అడిగితే ఇంతమంది పలుకుతారనుకోలేదు. వ్యాసం నిన్న పత్రికకు పంపేశాను.

ముందుగా లాస్ ఏంజెలిస్‌లో ఉండే అక్కకు. మైయర్‌హాఫ్ పాఠాలు చెప్పిన సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోనే ఆవిడ కాగితాలు ఉన్నాయని తెలిసి, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లి చూసొచ్చారు. మెక్సికోలో హుయిచోల్ ప్రజల మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్న మనిషి, తర్వాత మెక్సికన్ మూలాలున్న వృద్ధుల దగ్గరికి వెళితే, "మా సంగతి మీకెందుకు, మీవాళ్ల గురించి రాసుకోండి" అన్నారట. అలా 1970ల్లో లాస్ ఏంజెలిస్‌లోనే ఉన్న వెనిస్ బీచ్‌లోని యూదు వృద్ధుల కేంద్రానికి చేరారు. అక్కడున్నది ఎక్కువగా తూర్పు యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు. చాలామందికి ఎనభై దాటాయి, చేతిలో డబ్బు అంతంతమాత్రం.

వాళ్ల 'గ్రాడ్యుయేషన్' ఘట్టం నాకు ఎంత చదివినా అంతుబట్టలేదు. మతగ్రంథం చదవడం పూర్తయినప్పుడు యూదులు చేసుకునే 'సియుం' వేడుకకు అమెరికన్ పట్టా ప్రదానాన్ని కలిపేశారని మా రిటైర్డ్ మాస్టారు ఫోన్‌లో ఓపిగ్గా చెప్పారు. మాస్టారూ, ఆ రాత్రి మీ నిద్ర చెడగొట్టాను, ఏమనుకోకండి.

సైకిల్ ఘటన దొరికింది మాత్రం మా తమ్ముడి వల్ల. బీచ్ దారిలో ఒక ముసలావిడను సైకిల్ గుద్దితే ఆవిడ చనిపోయింది. తొక్కినవాడు "నాకు కనబడలేదు" అన్నాడు. ఆ మాటకు మండిపోయిన వృద్ధులు శవపేటిక లాంటి పెట్టె మోస్తూ ఊరేగింపు తీశారు. నాకు వ్యాసం మొత్తంలో ఇదే ముఖ్యం.

చివర్లో ఊపిరితిత్తుల కేన్సర్‌తో బాధపడుతూనే మైయర్‌హాఫ్ లాస్ ఏంజెలిస్‌లోని ఫెయిర్‌ఫాక్స్ ప్రాంతంలో ఉండే హసిదీ యూదుల (మత నియమాలను నిష్ఠగా పాటించే యూదుల) జీవితాన్ని పరిశీలిస్తూ వచ్చారు. 1985లో, 49 ఏళ్లకే వెళ్లిపోయారు. ఈ భాగం చదివి అనవసరమైన కన్నీళ్లన్నీ కొట్టేసిన చెల్లెలికి ప్రత్యేకంగా థాంక్స్.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం వాళ్ల గురించి ఎందుకు రాయలేదని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద 2013లో పుస్తకమే వేశారు. అది చదవడం ముగించాక చూద్దాం.

పత్రిక ప్రతి కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి. అక్కకు మాత్రం పోస్ట్‌లో నేనే పంపిస్తున్నాను.