నీలం చొక్కా బాబాయ్‌కి కృతజ్ఞతలు

1994 వేసవి సెలవులు. ఆమదాలవలస నుంచి రాజమండ్రి వెళ్తున్నాం. విశాఖలో రైలు దిశ మారుతుంది కదా, బండిని లాక్కొచ్చిన డీజిల్ ఇంజిన్‌ను విడదీయడం చూద్దామని నాన్నకు చెప్పకుండా దిగిపోయాను. పదేళ్లవాణ్ణి. వెనక్కి తిరిగితే మా బోగీ ఏదో తెలియలేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంజిన్ దగ్గర నీలం చొక్కాలో ఉన్న బాబాయ్, మీరు నన్ను తిట్టలేదు. డీజిల్ వాసన కొట్టే చేత్తో నా చెయ్యి పట్టుకుని, "ఇదేటనుకున్నావ్ బాబూ, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్! 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్" అంటూ ఒక్కో బోగీ చూపిస్తూ నడిపించారు. కంగారులో నాన్న మీ పేరైనా అడగలేదు. (నాకు మాత్రం రెండు తగిలాయి.) మీ వేళ్ల నల్లజిడ్డు రాజమండ్రి దాకా నా మణికట్టు మీదే ఉంది, కావాలనే కడుక్కోలేదు. ఇప్పుడా లైన్లో కరెంటు ఇంజిన్లు. మీరెక్కడున్నా, చాలా థాంక్స్ బాబాయ్.