బీరకాయ దొరకని సైటు గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల అధికారి గారికి,
ఉచిత కమ్యూనిటీ సైట్ల విభాగం

విషయం: ఉచిత ప్లాన్‌లో తెలుగు సెర్చ్, శీర్షికలు, ధ్రువీకరణ మెయిళ్ల లోపాలు, డేటా ఎక్స్‌పోర్ట్‌పై తప్పుదారి పట్టించే ప్రకటన

ఆర్యా,

మీ ఉచిత టూల్‌ మీద నడుస్తున్న ఒక మిద్దె తోటల సైటు నిర్వాహకులం రాస్తున్న లేఖ ఇది. విత్తనాల మార్పిడి, చీడపీడలు, కుండీ మట్టి గురించి సభ్యులు అక్కడ తెలుగులోనే రాసుకుంటారు. "ఏ భాషలోనైనా", "మీ డేటా మీదే" అని మీ మొదటి పేజీ చెబుతోంది. రెండు మాటలూ నిలబడటం లేదు. సపోర్ట్ వారిని అడిగితే బ్రౌజర్ కాష్ క్లియర్ చేసుకోమంటున్నారు. కాష్‌కూ ఈ లోపాలకూ సంబంధం లేదు. అందుకే ఈసారి మీ ఇంజినీర్ల బల్ల మీదికే పంపగలిగేలా వివరంగా రాస్తున్నాం.

సైట్లో "పనస" అని వెతికితే పోస్టులన్నీ వస్తాయి. "బీరకాయ" అని వెతికితే కనీసం 3 అక్షరాలు ఇవ్వమంటుంది. వంకాయకూ గోంగూరకూ అదే జవాబు. తేడా ఎక్కడంటే, పనసలో గుణింతం గానీ సున్నా గానీ ఒత్తు గానీ లేవు. యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ కోడ్లు ఇచ్చే ప్రమాణం) లెక్కలో క, ర, య లాంటివి అక్షరాల వర్గం. గుడి, దీర్ఘం, కొమ్ము, సున్నా, పొల్లు గుర్తుల వర్గం. మీ ఇండెక్సర్ (సెర్చ్ కోసం పోస్టుల్లోని పదాల జాబితా తయారుచేసే ప్రోగ్రామ్) అక్షరాల వర్గాన్నే పదంగా తీసుకుని, గుర్తు వచ్చిన ప్రతిచోటా ఖాళీ ఉన్నట్టు తెగ్గోస్తోంది. బీరకాయ కాస్తా బ, రక, య అయిపోతోంది. మూడు ముక్కలూ కనీస నిడివికి తక్కువే కాబట్టి మూడూ చెత్తబుట్టలోకి. కలబంద సంగతి ఇంకా విడ్డూరం. దానికి "కలబ" అనే ముక్క మిగులుతుంది. దాంతో ఎర్రమట్టిలో కోకోపీట్ కలబోసిన వాళ్ల పోస్టులు కూడా కలబంద ఫలితాల్లోకి వచ్చి కూర్చుంటాయి.

దీన్ని సరిచేయడం పెద్ద పని కాదు. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించే సూత్రంలో, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అక్షరాల వర్గం పక్కన గుర్తుల వర్గాన్ని చేర్చాలి. పదం మధ్యలో వచ్చే, కంటికి కనిపించకుండా పొల్లును తర్వాతి అక్షరంతో కలవనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పదం తెగే చోటుగా తీసుకోకూడదు, పోల్చేటప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోకూడదు. లేకపోతే "షేడ్‌నెట్" అని పొల్లు విడిగా కనిపించేలా రాసినవాళ్లకూ, "షేడ్నెట్" అని కలిపి రాసినవాళ్లకూ ఒకరి పోస్టులు ఒకరికి దొరకవు. ఆ తర్వాత పాత పోస్టులన్నిటినీ రీఇండెక్స్ చేయాలి, అంటే ఆ పదాల జాబితా మళ్లీ తయారుచేయాలి. ఆ పని వదిలేస్తే కొత్తవి మాత్రమే దొరుకుతాయి, "సమస్య పరిష్కారమైంది" అని టికెట్ మూసేస్తారు. హిందీ, తమిళం, కన్నడ సైట్లకూ ఇదే జబ్బు ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ఇక శీర్షికలు. రాసే పెట్టె 120 అక్షరాలదాకా రానిస్తుంది. సేవ్ చేశాక వెనక భాగం పోతుంది, తెగిన చోట వజ్రాకారంలో ప్రశ్నార్థకం మిగులుతుంది. మా అంచనా ప్రకారం మీ డేటాబేస్‌లో ఆ గడి పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతిలో, తెలుగు కోడ్ (ఒక అక్షరం లేదా ఒక గుర్తు) ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి పట్టేది 85 కోడ్లు. "కొత్తిమీర" కంటికి నాలుగు అక్షరాలే, లోపల 9 కోడ్లు, 27 బైట్లు. ఆ లెక్కన మాకు దక్కేది 40 అక్షరాలకు కాస్త అటూఇటూ. మాటల మధ్య ఖాళీకి ఒక్క బైటే కావడంతో కోత చాలాసార్లు కోడ్ మధ్యలో పడుతుంది, ఆ ప్రశ్నార్థకం అందుకే. గడిని పెద్దది చేయండి. అప్పటిదాకా రాసే పెట్టెలోనైనా బైట్లు లెక్కపెట్టి ముందే హెచ్చరించండి.

ఆ శీర్షిక నుంచే పేజీ చిరునామా కూడా తయారవుతోంది. లింకులో ప్రతి బైటూ ఒక శాతం గుర్తు, దాని పక్కన మరో రెండు గుర్తులుగా మారుతుంది కాబట్టి కొత్తిమీర ఒక్క మాటే 81 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో పంపితే తెర నిండా శాతం గుర్తులు. పోస్టు సంఖ్యతో చిరునామా ఇస్తే సరిపోతుంది. బటన్ల ఎత్తు బిగించేయడంతో "స్ట్రాబెర్రీ" కింది ఒత్తులు తెగిపోతున్నాయి. ఆ ఎత్తు పరిమితి తీసేసి, వరుస ఎత్తు అక్షరాల సైజుకు 1.6 రెట్లకు తగ్గకుండా పెట్టండి.

కొత్త సభ్యులకు వెళ్లే ధ్రువీకరణ మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయి, కొందరికి అసలు చేరడం లేదు. పంపినవారి చిరునామాలో మా డొమైన్ పెడుతున్నారు, డీకిమ్ సంతకం (మెయిల్ ఏ డొమైన్ తరఫున వచ్చిందో రుజువు చేసే ముద్ర) మాత్రం మీ డొమైన్‌ది. బౌన్స్ చిరునామా (చేరని మెయిళ్లు తిరిగొచ్చేది) కూడా మీదే. రెండిట్లో ఏదీ మా డొమైన్‌తో సరిపోలదు కాబట్టి పంపినవారి డొమైన్ అసలుదేనా అని చూసే డీమార్క్ పరీక్షలో తప్పుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో మరింత కఠినంగా ఉంటున్నాయి. డీకిమ్ కోసం మా డొమైన్ వివరాల పట్టికైన డీఎన్ఎస్‌లో పెట్టుకోవడానికి సీనేమ్ రికార్డు (మా పేరును మీ పేరుకు మళ్లించే నమోదు) ఇవ్వండి. అది ఉచిత ప్లాన్‌లో కుదరదంటే మీ డొమైన్ పేరుతోనే పంపి, జవాబులు వెళ్లే చిరునామా మాది పెట్టండి.

పైవన్నీ ఓపిక పట్టగలిగిన లోపాలే. డేటా సంగతి అలా కాదు. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కితే శీర్షికలు, సభ్యుల ఈమెయిళ్లు పట్టికగా ఉన్న ఒక సీఎస్‌వీ ఫైలు వస్తుంది. జవాబులు ఉండవు, ఫొటోలు ఉండవు. ఆకుమచ్చ తెగులుకు సభ్యులు చెప్పిన మందులన్నీ జవాబుల్లోనే ఉంటాయి, ప్రశ్న శీర్షిక ఒక్కటి పట్టుకుని ఏం చేసుకోవాలి? పూర్తి ఎక్స్‌పోర్ట్ కావాలంటే ఏడాది ప్లాన్ కొనాలని ఆ బటన్ నొక్కాకే తెలుస్తుంది. వచ్చిన ఫైలుకు మొదట్లో ఉండాల్సిన, ఇది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కు చెప్పే బైట్ ఆర్డర్ మార్క్ లేకపోవడంతో ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులే.

2010లో కమ్యూనిటీ సైట్లు నడిపే నింగ్ కంపెనీ ఉచిత సైట్లను ఎత్తేసింది, 2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ మూతపడింది. సమూహం నడిపేవాళ్లు ఎక్స్‌పోర్ట్ గురించి ముందే అడిగేది ఇందుకే. మాకు కావలసింది ఇది: ప్రతి పోస్టుకూ దాని సంఖ్య, అది దేనికి జవాబో ఆ పోస్టు సంఖ్య, రాసినవారి సంఖ్య, టైమ్ జోన్‌తో సహా సమయం, పాత చిరునామా, ఫొటోలు అసలు సైజులో ఫైళ్లుగా. కొన్ని గంటల్లో గడువు తీరే లింకులు పనికిరావు. పాస్‌వర్డ్‌లు అక్కర్లేదు, సభ్యులు కొత్తవి పెట్టుకుంటారు.

ఉచిత సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని మీ న్యాయ విభాగం అనవచ్చు. అయితే 2023 నవంబరు 30న నోటిఫై అయిన, వాడేవాళ్లను మోసగించే వెబ్ డిజైన్ ఎత్తులను నిషేధించే డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ప్రకటనలిచ్చేవారికీ, దేశంలో సేవలందించే ప్లాట్‌ఫారాలకూ వర్తిస్తాయి. ఒకటి ఇస్తామని రప్పించి మరొకటి చేతిలో పెట్టడం అందులో చెప్పిన 13 రకాల్లో ఉంది. "మీ డేటా మీదే" అన్న వాక్యాన్ని నిజమన్నా చేయండి, పేజీ నుంచి తీసేయనన్నా తీసేయండి.

ఐటీ నియమాలు 2021 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. ఆ తర్వాత 15 రోజుల్లో పూర్తి ఎక్స్‌పోర్ట్ మాకు ఇవ్వాలని, సెర్చ్ మరమ్మతు ఏ తేదీకి పూర్తవుతుందో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. లేనిపక్షంలో ఈ లేఖను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు పంపుతాం.

జతచేసినవి: బీరకాయ, పనస, కలబంద సెర్చ్ ఫలితాల స్క్రీన్‌షాట్లు, తెగిన శీర్షికలు, ఒక ధ్రువీకరణ మెయిల్ పూర్తి హెడర్, మీరిచ్చిన సీఎస్‌వీ ఫైలు, సభ్యుల ఈమెయిళ్లు తొలగించి.

ఇట్లు,
మిద్దె తోటల సైటు నిర్వాహకులు